ఒకే నాటకాన్ని రెండు చోట్ల చూడడం

పోయిన నెల ఇద్దరు యువ లెక్చరర్లు మా ఇంటికి వచ్చారు. తిరువళ్ళూరులో నేను చాలా ఏళ్ళు ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన కాలేజీలోనే వాళ్ళు కొత్తగా చేరారు. నేను నడిపిన నాటకాల క్లాసునూ దాని బ్లాగునూ వాళ్ళకు అప్పజెప్పారట. "ఎలా నడపాలి మేడం?" అని అడిగారు. కాఫీ తాగేలోపు చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను.

సిలబస్ గురించి రాయను, అది వాళ్ళ చేతిలోనే ఉంది. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు. ఆ క్లాసులో నేను సరిగ్గా చేసిన పనులన్నీ కలిపినా, నేను చేసిన ఒక తప్పు నేర్పినంత నేర్పలేదు. ఆ తప్పును సరిచేసినవాళ్ళు నాకంటే పెద్ద మనసున్నవాళ్ళు. వాళ్ళ గురించే రాస్తాను.

బ్లాగు ఎందుకు పెట్టాం

ఆ ఆలోచన నాది కాదు. మా డిపార్ట్‌మెంటు హెడ్ వరదన్ సార్‌ది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తమిళం తప్ప మరో భాషలో కోప్పడేవారు కాదు. ఒకసారి నాటకం పేపరు దిద్దుతూ ఒక జవాబు దగ్గర ఆగిపోయారు. రంగస్థలం మీద వెలుగునీడల ప్రభావం గురించి ఒక విద్యార్థి రెండు పేజీలు రాశాడు. సార్ ఆ అబ్బాయిని పిలిపించి, "నువ్వెప్పుడైనా నాటకం చూశావా?" అని అడిగారు. "లేదు సార్, గైడులో ఉన్నది రాశాను" అన్నాడు. సార్ కోప్పడలేదు. నా వైపు తిరిగి, "తప్పు వాడిది కాదు, మనది" అన్నారు.

ఆ ఏడాది నుంచే మొదలైంది. మా చుట్టుపక్కల ఒకే కథను వేర్వేరు బృందాలు ఆడుతుంటాయి. పిల్లలు ఒకే కథను రెండు చోట్ల చూడాలి, పోల్చి రాయాలి. రాసింది నోటుబుక్కులో కాదు, అందరూ చదివే బ్లాగులో పెట్టాలి. "నోటుబుక్కులో రాస్తే మనమిద్దరమే చదువుతాం. ఆడినవాళ్ళు కూడా చదువుతారని తెలిస్తే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు" అన్నారు సార్. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. బాగుంది, బాగాలేదు అనే మాటలు మొదటి పేజీలో కనిపించకూడదు. ముందు ఏం చూశావో చెప్పు.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా మాటగా ఇది చెబుతాను. పిల్లల చూపు మీద నమ్మకం పెట్టండి. గుమ్మిడిపూండి నుంచి రైళ్ళు మారి వచ్చే ఒకబ్బాయి, హాల్లో స్తంభం వెనక సీటు దొరికి, మూడు గంటలూ నటుల పాదాలే చూశాడు. చెక్క వేదిక మీద గజ్జెలు ఎలా మోగాయి, ఊళ్ళో మట్టి మీద ఎలా మోగాయి అన్నదే అతని పోస్టు. మట్టి మీద గజ్జెల కంటే ముందు దుమ్ము లేస్తుందనీ, దుమ్ము చూస్తేనే రాజు కోపం తెలిసిపోతుందనీ రాశాడు. శోళవరం అమ్మాయి ఒకతె వేదిక వైపే చూడలేదు. జనం ఏ ఘట్టంలో లేచి టీకి వెళ్ళారో, ఏ ఘట్టంలో లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారో రాసింది. అవి చదివినప్పుడు ఈ ఉద్యోగానికి వచ్చినందుకు నాకు గర్వంగా ఉండేది.

కట్ట తెంపిన కొడుకు కథ

నేను రిటైరయ్యే ముందు మూడో ఏడాది సంగతి ఇది. అప్పుడు మేము ఎంచుకున్న కథ సాదాసీదాది. ఎండలకు పైరు మాడిపోతుంటే ఒక యువకుడు ఊరి చెరువు కట్ట తెంపుతాడు. పొలాలు బతుకుతాయి కానీ కట్ట కింద గుడిసెలో ఉన్న ముసలాయన నీళ్ళలో కొట్టుకుపోతాడు. తెంపింది ఎవరో చూసిన సాక్షి ఒక్కతే, ఆ కుర్రవాడి తల్లి. ఊరి పెద్ద ఆమెను నిలబెట్టి "నీ కొడుకేనా?" అని మూడుసార్లు అడుగుతాడు. అవునంటే కొడుక్కి ఊళ్ళో చోటు ఉండదు. కాదంటే చచ్చిపోయిన ముసలాయనకు న్యాయం ఉండదు.

మొదట తిరువళ్ళూరులో ఒక పెళ్ళిమండపంలో పట్నం బృందం తమిళంలో ఆడింది. తల్లి వేషం వేసినామె మూడో ప్రశ్నకు పెద్ద సంభాషణ చెప్పి, గుండెలు బాదుకుని, "అవును, నా కొడుకే!" అంది. హాలంతా చప్పట్లు.

రెండోది తిరుత్తణి దగ్గర ఒక నేతగాళ్ళ ఊళ్ళో. అక్కడ ఉత్సవం చివరి రోజున ఈ కథను పొద్దున ఆడతారు. ఆడేవాళ్ళు అందరూ మగవాళ్ళే, పగలు మగ్గం నేసే మనుషులు. మాటలు తెలుగు, పాటలు సగం తమిళం. తల్లి వేషం మునిరత్నం అనే ఆయనది. అరవై దగ్గర పడిన మనిషి. చీర కట్టుకుని అడుగు పెట్టగానే ఆయన నడకలో అలసట కనిపించింది. అది ముసలితనపు అలసట కాదు, పిల్లవాణ్ణి మోసి మోసి వచ్చిన అలసట.

నేను చేసింది

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆ రోజు మధ్యాహ్నం నాకు పరీక్ష డ్యూటీ ఉంది. రెండో ప్రశ్న దగ్గరే నేను లేచి రైలు కోసం స్టేషనుకు వెళ్ళిపోయాను. పిల్లలు ముందు వరసల్లో ఉన్నారు, ఎవరూ చూడలేదు.

వారం తర్వాత పోస్టులు వచ్చాయి. అందరికంటే చక్కగా రాసింది హేమ. వెంగల్‌లో వరి పండించే కుటుంబం, ఇంగ్లీషు గడగడా రాస్తుంది. ఆమె పోస్టులో ముఖ్యమైన విషయం ఇది: మూడో ప్రశ్నకు పల్లె నటుడు మాట మరిచిపోయాడు, చాలాసేపు నోరు పెగలక నిలబడిపోయాడు, హార్మోనియం ఆయన కంగారుగా చూశాడు, చివరికి జనంలోనుంచి ఎవరో మాట అందించాల్సి వచ్చింది. సాధన ఉన్న పట్నం బృందానికీ, సాధన లేని పల్లె బృందానికీ తేడా అదేనని తేల్చింది.

నేను దాని కింద కామెంటు పెట్టాను: "నేనూ గమనించాను. మంచి పరిశీలన." క్లాసులో పైకి చదివి వినిపించాను. ఆ టర్ములో ఎక్కువ మార్కులు ఆమెకే.

చూడని దాన్ని చూశానని ఎందుకు రాశాను? మధ్యలో లేచిపోయానని పిల్లలకు తెలియడం ఇష్టంలేక. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఇంకో పోస్టు ఉంది, భువనది. ఆమెది ఆ నేతగాళ్ళ ఊరే. క్లాసులో నోరు విప్పని పిల్ల. ఇంగ్లీషులో రాయమంటే ఆమె తెలుగులో రాసింది, అదీ తమిళ అక్షరాలతో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో నేర్చింది తమిళ లిపి. తమిళంలో క, గలకు ఒకే అక్షరం కాబట్టి అందులో కట్ట, గట్టు ఒకలాగే మొదలవుతాయి. కూడబలుక్కుంటూ చదవాలి. నేను రెండు వరసలు చదివి, అడిగిన భాషలో లేదని తక్కువ మార్కులు వేసి వదిలేశాను.

మునిరత్నం వచ్చాడు

మూడు వారాల తర్వాత ఒక ఉదయం స్టాఫ్‌రూం బయట బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, మడత నలగని పంచె. నన్ను చూసి లేచాడు. చీర లేకపోవడంతో వెంటనే గుర్తుపట్టలేకపోయాను.

"కుదురుగా కూర్చోండయ్యా, ఏం పని మీద వచ్చారు?" అన్నాను.

"నేను మునిరత్నం, అమ్మా. ఆ పొద్దు ఆటలో తల్లి వేషం కట్టింది నేనే. మీ కాలేజీ కంప్యూటర్లో నేను మాట మరిచిపోయినానని రాసినారంట. వెంగల్‌లో వచ్చే నెల మా ఆట ఉండాది. అక్కడి ఉత్సవం కమిటీవాళ్ళు ఫోను చేసి, తల్లి వేషానికి వేరే మనిషిని పెట్టండి, ఆయనకు వయసైపోయింది, మరిచిపోతా ఉండాడు అనినారు. ముప్పై ఏండ్లుగా కడతా ఉండాను ఈ వేషం. కొట్లాటకు రాలే నేను. ఒక్క మాట అడిగిపోదామని వచ్చినా. టీచరు కూడా చూసినానని రాసినారంట గదా. మీరు చూసినారా మా?"

అవునని చెప్పి పంపేయడం ఎంత తేలికో ఆ క్షణంలో నాకు తెలుసు.

"లేదయ్యా, చూడలేదు. రెండో ప్రశ్నకే లేచి రైలుకు వెళ్ళిపోయాను. చూసినట్టు రాశాను" అన్నాను.

ఆయన తిడతాడనుకున్నాను. "రైలు దొరికిందా?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.

పక్కగదిలోంచి వరదన్ సార్ అంతా విన్నారు. బయటికి వచ్చి ఆయనకు నమస్కారం పెట్టి, నాతో, "ఈయనకు చెబితే చాలదు. ఎవరి ముందు చూశానన్నావో వాళ్ళ ముందే చెప్పు. ఇప్పుడు నీ క్లాసు ఉంది కదా" అన్నారు.

అధికారులు చాలామందిని చూశాను. నా తప్పును దాచి నన్ను కాపాడినవాళ్ళున్నారు, చాటి నన్ను అవమానించినవాళ్ళున్నారు. తప్పు ఎక్కడ చెప్పాలో సూచించి, ఆ గదిదాకా నా పక్కన నడిచి వచ్చినవారు ఆయనొక్కరే.

ఆగిపోయాడు, మరిచిపోయాడు

మునిరత్నాన్ని క్లాసులో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పిల్లలందరి ముందు నేను చేసింది చెప్పాను. హేమ లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది.

"మీరు చూడకపోయినా నేను చూసినాను మేడం. ఆయన ఆగిపోయినారు. అబద్ధం రాయలే నేను."

"నిజమే పాపా, ఆగినాను. నువ్వు చూసింది కరెట్టే" అన్నాడు మునిరత్నం.

"మరి..." అంది హేమ.

అప్పుడు వెనక బల్లలోంచి భువన, "మేడం, నాది చదవనా?" అంది. రెండేళ్ళలో ఆ పిల్ల తనంతట తాను అడిగిన మొదటి మాట అది. ఫోను తీసి తన పోస్టు చదివింది. అక్షరాలు తమిళమైనా బయటికి వచ్చింది మా ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగు.

"మూడోసారి అడిగినప్పుడు అమ్మ మాట్లాడలే. మా ఊళ్ళో ఎప్పుడూ మాట్లాడదు. పట్నం ఆటలో అమ్మే చెప్పేసింది, మేము చప్పట్లు కొట్టినాం. ఇక్కడ చప్పట్లు లేవు. నా పక్కన కూర్చున్న అవ్వ కండ్లు తుడుచుకుని, అవును అని చెప్పింది. కొడుకును పంపేసింది అమ్మ కాదు, అవ్వ. ఇంటికి పోయినాక అవ్వ అన్నం తినలే."

మునిరత్నం తల వంచుకుని విన్నాడు. అయిపోయాక, "ఇంగోతూరి చదువు తల్లీ" అన్నాడు. ఆమె మళ్ళీ చదివింది.

తర్వాత ఆయన మెల్లగా చెప్పాడు. "నాకు ఆట నేర్పిన వాద్యారు చెప్పినాడు. మూడోదానికి నువ్వు చెప్పద్దురా, ఊరిని చెప్పనీ, ఊరు చెప్తేనే అది ఊరి తీర్పు అయ్యేది, అన్నాడు. హార్మోనియమాయన చూసేది నన్ను కాదు, జనంలో ఎవురు నోరు తెరుస్తారా అని. ఎవురూ చెప్పకపోతే నేనే తల ఊపేస్తా. అట్లయిన దినం ఆట కుదర్లే అని లెక్క. ఇదంతా నేను ఎవురికీ చెప్పల. ఈ పాపకు ఎట్ల తెలిసిందో!"

నాటకాన్ని నేను అన్నేళ్ళు పాఠంగా చెప్పాను. ప్రేక్షకుడి పాత్ర మీద సెమినార్లలో మాట్లాడాను. ఆ పాత్ర ఏమిటో నా విద్యార్థిని ఏడు వాక్యాల్లో రాసి పెడితే, చదవడానికి కష్టంగా ఉందని పక్కన పడేశాను. భువన మార్కులు ఆ రోజే మార్చాను. అది గొప్పేమీ కాదు, చేయాల్సిందే.

కొత్త లెక్చరర్లు ఇది మాత్రం రాసి పెట్టుకోండి. హేమ రాసిన 'మరిచిపోయాడు'కూ, ఆమె నిజంగా చూసిన 'ఆగిపోయాడు'కూ మధ్య ఉన్న దూరమే మనం నేర్పాల్సిన పాఠం. ఆ దూరాన్ని నేను చూపలేదు. పైగా నా కామెంటుతో పూడ్చేశాను.

క్లాసు అయ్యాక హేమ నా దగ్గరికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "మేడం, వెంగల్ కమిటీలో ఉండేది మా నాయనే. నా పోస్టు మీరు క్లాసులో చదివినారని సంతోషంగా ఇంట్లో తెలుగులో చెప్పి వినిపించినాను. ఆయన పోయి కమిటీలో చెప్పినాడు. ఆ పోస్టు తీసేస్తాను."

"తీసేయొద్దు" అన్నాను. "నా కామెంటూ తీసేయను. కింద ఇద్దరం జరిగింది రాద్దాం. ఆదివారం మీ ఊరికి వస్తాను."

వెంగల్‌లో

హేమ తండ్రి చెంగల్రాయ నాయుడు కళ్ళం దగ్గర వడ్లు ఎండబోయిస్తున్నాడు. మాట పెళుసు. మమ్మల్ని చెట్టుకింద మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నేను చెప్పిందంతా విని, కూతురి వైపు కాకుండా నా వైపే చూశాడు.

"ఏందమ్మా ఇది. మీరు చూసినామని రాసినారనే గదా నేను కమిటీలో గట్టిగా మాట్లాడింది. నా బిడ్డ చిన్నది, పొరపాటు పడొచ్చు. టీచరు పొరపడదు అనుకుంటిని."

"నేను పొరపడలేదండీ, అబద్ధం రాశాను. మీ అమ్మాయి చూసింది రాసింది, దాని అర్థం చెప్పాల్సింది నేను. మీరు నన్నేమైనా అనండి, ఆయన వేషం మాత్రం ఆయనకివ్వండి."

ఆయన కాలితో వడ్లు తిరగేసుకుంటూ కళ్ళం చివరిదాకా పోయి వచ్చాడు. "సరి. రమ్మను ఆయన్నే. నేనే ఫోను చేస్తా. నేనే వద్దంటిని, నేనే రమ్మనాల" అన్నాడు. నేను ఎదుటే ఉండగా ఫోను చేశాడు. "మునిరత్నమన్నా, నేను వెంగల్ చెంగల్రాయుణ్ణి. తప్పుగా అనుకుంటిమి. నువ్వే రావాల" అన్నాడు. కూతురి ముందు, పరాయి మనిషి ముందు అలా మాట్లాడగలిగిన పెద్దమనుషుల్ని నేను ఎక్కువమందిని చూడలేదు.

మరుసటి నెల ఆట రోజున నేను సెలవు పెట్టుకుని పొద్దున ఏడింటికే వెంగల్ చేరాను. భువన, హేమ, క్లాసులో ఇంకో పదిమంది వచ్చారు. ఊరివాళ్ళు చాపలు పరచుకుని కూర్చున్నారు. వాళ్ళు పైరు మీద బతికే మనుషులు. కట్ట తెగి నీళ్ళు పారే ఘట్టంలో ఆడవాళ్ళు నిజంగానే చేతులెత్తి మొక్కారు. ముసలాయన గుడిసె పోయినప్పుడు ఆ చేతులు దిగిపోయాయి.

మొదటి ప్రశ్నకు తల్లి పైరు గురించి చెప్పింది. రెండో ప్రశ్నకు కొడుకును పెంచిన పాట పాడింది. మూడోసారి ఊరి పెద్ద, "నీ కొడుకేనా?" అన్నాడు. మునిరత్నం ఆగిపోయాడు.

ఎవరూ పలకలేదు. ఈ ఊరివాళ్ళకు ఆ పద్ధతి తెలియదు. ఎక్కడో పసిబిడ్డ ఏడిచింది, ఎవరో దగ్గారు. తల్లి కళ్ళు ఒక్కొక్కరి మీదుగా జరుగుతూ వస్తున్నాయి. నా మీదుగా కూడా పోయాయి. హేమ నా మోచేయి పట్టుకుంది. చెప్పేయాలని నా నోటిదాకా వచ్చింది, కానీ ఆ ఊరు నాది కాదు. ఇక ఆయన తల ఊపేస్తాడేమో అనుకున్నాను.

అప్పుడు చెంగల్రాయ నాయుడు లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వద్దులే తల్లీ, నువ్వు చెప్పద్దు" అన్నాడు. "మాకు తెలుసు. ఆ నీళ్ళు మేమూ తాగినాం."

మునిరత్నం చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆయన వైపు తిరిగి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊరి పెద్ద వేషం కట్టినాయన చెప్పాల్సింది కొడుక్కి శిక్ష. కానీ ఏం చెప్పాలో తోచక కర్ర పట్టుకుని నిల్చుండిపోయాడు. హార్మోనియం ఆయన కాసేపు చూసి, మంగళం పాట ఎత్తుకున్నాడు.

ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్ళాం. మునిరత్నం ముఖానికి కొబ్బరినూనె రాసుకుని రంగు తుడుస్తున్నాడు. "ముప్పై ఏండ్లలో అందరూ అవును అనే చెప్పినారు మా" అన్నాడు నాతో. "చెప్పద్దు అనింది ఈయనొక్కడే. మా వాద్యారు ఉంటే ఎంత సంతోషపడునో."

బయట చెంగల్రాయ నాయుడు ఏమీ జరగనట్టు చాపలు చుట్టిస్తున్నాడు. హేమ తండ్రి వైపే చూస్తూ నిలబడింది. తర్వాత నన్ను అడిగింది.

"మేడం, ఇది కూడా బ్లాగులో రాస్తాను. కానీ పోల్చి రాయాల గదా, దీన్ని దేంతో పోల్చేది?"

"పోల్చొద్దు. చూసింది రాయి" అన్నాను.

మరుసటి రోజు సాయంత్రానికి పోస్టు వచ్చింది. ఎప్పుడూ ఇంగ్లీషులో రాసే హేమ ఈసారి భువనలాగే, తమిళ అక్షరాల్లో తెలుగు రాసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒక్క మాటా వదలకుండా చివరిదాకా చదివాను. దాని మొదటి వాక్యం ఇది:

"నిన్న మా ఊరి ఆటలో మా నాయన కూడా ఒక వేషం కట్టినాడు."